పేరొకరిది, పని ఒకరిది
(పాత క్లారినెట్ మౌత్‌పీసులను ఎవరు చేశారో గుర్తించుటను గూర్చి)

శతవార్షికోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయవలెనని కమిటీవారు కోరారు. మన డయాసిసు చరిత్రను వ్రాయుటకు నాకంటె పెద్దలు, అర్హులు అనేకులున్నారు. కనుక నాకు కొంత తెలిసిన ఒక చిన్న వస్తువు చరిత్ర వ్రాస్తానని వారితో మనవి చేసుకొన్నాను. అది అరచేతిలో ఇమిడే నల్లని వస్తువు. పొడవు తొమ్మిది సెంటీమీటర్లకు మించదు. క్లారినెట్టు చివర నోటిలో పెట్టుకొని ఊదే ముక్క అది. మన బ్యాండువారు దానిని మౌత్‌పీసు అనే అంటారు గనుక నేనూ ఆ మాటే వాడుతాను.

మా నాన్నగారు సంఘపు బ్యాండులో క్లారినెట్టు వాయించేవారు. క్రిస్మసు ముందు రాత్రుల ఊరేగింపులకు, పెండ్లిండ్లకు, భూస్థాపనలకు కూడా ఆ వాయిద్యమే. 2009లో ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత ఆ పెట్టె నా వంతుకు వచ్చింది. తీసి చూస్తే మౌత్‌పీసు లోపల ఏళ్ళనాటి మురికి పేరుకొని ఉన్నది. శుభ్రము చేయుట మంచి పనే కదా అని కాగిన నీటిలో వేశాను. నల్లని వస్తువు నిమిషాలలో ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరిగింది. ఇల్లంతా గంధకపు వాసన. ఆ రంగు పోగొట్టవలెనని గరుకు కాగితము తెచ్చి పైన, క్రింద, అన్ని ప్రక్కలా రుద్దాను. నలుపు వచ్చింది. అయితే దాని వీపుమీద చెక్కి ఉన్న అక్షరాలు పోయినవి. నేను ఆపే సమయానికి ఇంగ్లీషులో ‘ఏ ఆర్ ఐ ఎస్’ అను నాలుగక్షరాలు మాత్రము మసకగా మిగిలాయి. ముందున్న ‘పీ’ పోయిందనీ, అది ‘పారిస్’ అనీ ఊహించుట కష్టము కాదు. పారిస్‌లో ఎవరు అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న నన్ను పదిహేనేండ్లు వదలలేదు.

ముందు ఈ వస్తువు నిర్మాణము కొంత చెప్పాలి, లేకపోతే తరువాతి సంగతి అర్థము కాదు. మౌత్‌పీసు పైవైపు ఏటవాలుగా కోసిన ముక్కువలె ఉంటుంది; పై పళ్ళు దానిమీద ఆనుతాయి. క్రిందివైపు చదునైన భాగము ఉంటుంది, దానిని బల్ల అందాము. రీడు ఆ బల్లమీద కూర్చుంటుంది. బల్లకు ముందు పొడుగాటి కిటికీ ఉంటుంది. కిటికీకి ఇరుప్రక్కల రెండు సన్నని పట్టాలు, కొసన మరొక సన్నని పట్టా ఉంటాయి. ఈ పట్టాలు కొసవైపు పోయేకొద్దీ రీడునుండి మెల్లగా ఎడమవుతాయి. కొసన రీడుకు, పట్టాకు మధ్య సందు సాధారణముగా ఒక మిల్లీమీటరు, ఆపైన కొద్దిగా. ఆ ఎడమయ్యే వంపు పొడవు పదిహేడు, పద్దెనిమిది మిల్లీమీటర్లు. స్వరము పలుకుట, పలుకకపోవుట, తియ్యగా ఉండుట, గరగరలాడుట చాలావరకు ఆ కొద్దిపాటి వంపులోనే ఉన్నది. వెంట్రుకవాసి తేడా వచ్చినా వాయించేవానికి తెలుస్తుంది. నేను గరుకు కాగితముతో రుద్దింది సరిగ్గా ఆ బల్లనూ ఆ పట్టాలనూ అని పాఠకులు గ్రహించియుందురు.

క్లారినెట్టును సుమారు 1700 ప్రాంతములో జర్మనీలోని న్యూరెంబర్గు నగరములో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ రూపొందించాడని చరిత్రకారులు చెబుతారు. తొలి దినాలలో మౌత్‌పీసు, దాని క్రింది పీపా ముక్క ఒకే కట్టెలో ఉండేవి. రీడును దారముతో చుట్టి కట్టేవారు. ఇంకొక విశేషమేమంటే, అప్పటి వాద్యకారులు చాలామంది రీడు పై పెదవికి తగిలేటట్లు, అనగా మనము ఇప్పుడు పట్టేదానికి తలక్రిందులుగా పట్టి వాయించేవారు. 19వ శతాబ్దము ఆరంభములో ఇవాన్ మ్యూలర్ అను వాద్యకారుడు రీడు క్రింది పెదవిమీద ఉండే పద్ధతిని ప్రోత్సహించి, దారానికి బదులు మరలు గల లోహపు పట్టీని తెచ్చాడు. మ్యూజియములలోని ప్రాచీన క్లారినెట్టు ఏ పద్ధతిలో వాయించబడిందో తెలుసుకొనుటకు పండితులు చూచే గురుతులలో ఒకటి, మౌత్‌పీసుమీది ముద్ర. వాయిద్యముమీది ముద్రలన్నీ ఒకే వరుసలో నిలిపి చూస్తే రీడు పైకి వస్తున్నదా క్రిందికి వస్తున్నదా అని తెలుస్తుంది. ముద్ర అంటే చేసినవాని పేరు మాత్రమే కాదని నాకు మొదట తట్టింది ఇక్కడే. జర్మనీ, ఆస్ట్రియా వాద్యకారులలో చాలామంది నేటికీ రీడును దారముతోనే కడతారు. అందుకని ఆ దేశాల మౌత్‌పీసు చుట్టూ దారము జారకుండ సన్నని గాడులు కోసి ఉంటాయి. పాత సామానులో అలాటిది దొరికితే పేరు చదువకముందే దాని దేశము చెప్పవచ్చు.

పదార్థమును చూచి కాలము చెప్పవచ్చు. మొదట కట్టె, అరుదుగా ఏనుగు దంతము. కట్టెకు తేమ శత్రువు. వాయించేవాని ఊపిరిలోని తడికి కట్టె ఉబ్బి, ఎండకు ముడుచుకొని, బల్ల వంకరపోయేది. ఈ బాధ తీర్చింది రబ్బరు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేస్తే గట్టిపడునని కనుగొన్నాడు. గంధకము పాలు బాగా పెంచి, ఎక్కువసేపు కాల్చితే రబ్బరు సాగే గుణము పోయి కొమ్మువలె గట్టిపడుతుంది. ఈ గట్టి రబ్బరుకు 1851లో అతని తమ్ముడు నెల్సన్ గుడ్‌ఇయర్ పేర అమెరికాలో పేటెంటు వచ్చింది. నల్లగా, నునుపుగా, చేవకట్టెవలె ఉంటుంది గనుక దానికి ఎబొనైటు అని పేరు. దువ్వెనలు, ఫౌంటెన్ పెన్నులు, పొగ గొట్టాల మూతులు, మౌత్‌పీసులు అన్నీ దానితో చేశారు. మన రాజమండ్రి పెన్నుల గూర్చి తెలిసినవారికి ఎబొనైటు క్రొత్త మాట కాదు; అక్కడి రత్నం పెన్నులు ఆ పదార్థముతోనే పేరు తెచ్చుకొన్నాయి.

ఎబొనైటులో గంధకము పాతికవంతుకు తక్కువ ఉండదు. వెలుతురు, గాలి తగిలిన కొద్దీ పైపొరలోని గంధకము మార్పుచెంది, నలుపు కాస్తా గోధుమరంగు, ఆకుపచ్చ అవుతుంది. వేడినీరు ఆ మార్పును ఒక్క క్షణములో బయటపెడుతుంది. నా వంటింట్లో జరిగింది అదే. ఒక మేలు మాత్రము ఉన్నది. వ్రేలితో గట్టిగా రుద్దితే గంధకపు వాసన వస్తే అది ఎబొనైటు. రాకపోతే తరువాతి కాలపు ప్లాస్టిక్ అనుకోవచ్చు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, వస్తువుకు నష్టమూ లేదు. గాజు మౌత్‌పీసులు కూడా ఉన్నాయి. అమెరికాలో ఇండియానాపొలిస్ నగరపు హారీ ఓబ్రయన్, ఇటలీలో పొమారికో వారు వీటికి ప్రసిద్ధులు. గాజు వంగదు, రంగు మారదు. క్రింద పడితే మాత్రము చరిత్ర అంతటితో సమాప్తము.

ఇక పేర్ల సంగతికి వస్తాను. 1885లో పారిస్‌లో ఆన్రీ సెల్మర్ అను క్లారినెట్టు విద్వాంసుడు తన కోసము, తన స్నేహితుల కోసము రీడులు, మౌత్‌పీసులు చేయుట ప్రారంభించాడు. ఆ చిన్న పనియే సెల్మర్ కంపెనీ అయినది. ఆయన తమ్ముడు అలెగ్జాండర్ అమెరికాకు పోయి బోస్టన్, సిన్సినాటి, న్యూయార్కు ఆర్కెస్ట్రాలలో వాయించాడు. తమ్ముడు వాయించేకొద్దీ అన్న చేసిన వస్తువుకు అక్కడ గిరాకీ పెరిగింది. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో సెల్మర్ క్లారినెట్టులకు బంగారు పతకము లభించింది. పారిస్ ఒపెరాలో వాయించే యూజీన్ వాన్ డోరెన్ 1905లో రీడుల వ్యాపారము మొదలుపెట్టాడు. 1935లో కుమారుడు రాబర్ట్ చేతికి అది వచ్చిన తరువాత మౌత్‌పీసులు కూడ చేయసాగారు. వాన్‌డోరెన్ మౌత్‌పీసులమీద కనిపించే ‘ఆర్ వీ’ అను అక్షరాలు ఆ రాబర్ట్ పేరువే. అదే కంపెనీవారి ‘బీ 45’ అను రకములో ఉత్త పేరు ఒకటి, పేరు ప్రక్కన వీణవంటి బొమ్మ ఉన్నది ఒకటి, చుక్క ఉన్నది ఒకటి. మూడూ మూడు రకాలు. చుక్క అరిగిపోతే రకము మారిపోయినట్టే!

వీరిద్దరూ తమ పేరు తామే వేసుకొన్నవారు. చిక్కంతా షేడ్‌విల్ కుటుంబమువంటివారి దగ్గర వస్తుంది. పారిస్‌లో షార్ల్ షేడ్‌విల్, ఆన్రీ షేడ్‌విల్ అను పేర్లతో 20వ శతాబ్దము పూర్వార్ధములో వచ్చిన మౌత్‌పీసులు ఈనాటికీ వాద్యకారులు వెదకి వెదకి కొనేవి. వారి పని విధానము చెప్పదగినది. ఎబొనైటును పొడవాటి కడ్డీగా చేసి, ఆ కడ్డీని ముక్కలు కోసి, లేతు యంత్రముమీద తిప్పి, లోపల బోలు తొలిచి మౌత్‌పీసు చేసేవారు. తరువాతి కాలములో అనేకులు అనుసరించిన మార్గము వేరు: రబ్బరు పిండిని అచ్చులో పోసి వేడిచేసి తీయుట. అచ్చుపని త్వరగా అవుతుంది, చౌక. కడ్డీపని ఆలస్యము. కడ్డీ రబ్బరులోనే నాదమున్నదని కొందరు, నాదము దాని ఆకారములోనిదే గాని పదార్థములోనిది కాదని కొందరు వాదులాడుకొంటారు. నా మట్టుకు నాకు రెండవవారి మాటే సబబుగా తోస్తుంది. లోపలి గాలి ఆకారమే గదా మ్రోగేది.

షేడ్‌విల్‌వారు పూర్తిచేసిన మౌత్‌పీసులేగాక, పట్టాలు తీర్చని ముడి ముక్కలను కూడా ఇతరులకు అమ్మేవారు. కొన్నవారు ఆ ముక్కకు తమ చేతితో వంపు తీర్చి, బల్ల చదునుచేసి, తమ పేరు వేసుకొనేవారు. అమెరికాలో ఫ్రాంక్ కాస్పర్ అను పేరు గల పనివారు ఇందుకు గొప్ప ఉదాహరణ. ‘పేరు గల పనివారు’ అని బహువచనములో ఎందుకన్నానంటే, అదే పేరుతో ఇద్దరు దాయాదులు ఉండేవారు! షికాగో, ఆన్ ఆర్బర్, సిసిరో అను మూడు ఊళ్ళ పేర్లతో కాస్పర్ ముద్రలు దొరుకుతాయి. కనుక కాస్పర్ మౌత్‌పీసు దొరికినవాడు ముందు చదువవలసినది పేరు కాదు, ఊరు. 1953 నుండి 1973 వరకు క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో ప్రధాన క్లారినెట్టు విద్వాంసుడైన రాబర్ట్ మార్సెలస్ వాయించింది కాస్పర్ మౌత్‌పీసే. ఆయన శబ్దము విన్నవారందరికీ అటువంటి మౌత్‌పీసు కావలెనని ఆశ పుట్టింది. అయితే ఆ శబ్దములో కాస్పర్ పాలెంత, ముడి ముక్క చేసిన ఫ్రెంచివాని పాలెంత, మార్సెలస్ పెదవుల పాలెంత?

ఈ తరహా పని పెద్ద ఎత్తున జరిగిన ఊరు అమెరికాలో ఇండియానా రాష్ట్రములోని ఎల్క్‌హార్ట్. ఈ ఊరు బ్యాండు వాయిద్యాల పట్టణము కావటానికి కారణము కూడ ఒక మౌత్‌పీసే కావటము చిత్రము. చార్లెస్ కాన్ అను ఆయన అంతర్యుద్ధములో సిపాయి, ఊరి బ్యాండులో కార్నెట్ వాయించేవాడు. ఒక కొట్లాటలో పెదవి చితికింది. ఇత్తడి అంచు పెదవికి తగిలితే బాధగా ఉండి, అంచుకు రబ్బరు అతికించుకొన్నాడు. అది చూచి తక్కినవారూ అడిగారు. 1870ల దశకములో ఆ చిన్న వ్యాపారమే పెరిగి గొప్ప కర్మాగారమయింది. పనివారు వచ్చారు, నేర్చుకొన్నారు, విడిపోయి తమ తమ దుకాణాలు పెట్టారు. సెల్మర్ కంపెనీ అమెరికా శాఖ కూడ ఆ ఊరికే చేరింది.

అదే ఊరిలో 1919లో మొదలైన బాబిట్ కంపెనీ మన ప్రశ్నకు కేంద్రము. ఈ కంపెనీ మౌత్‌పీసులు చేసి వాయిద్యాల కంపెనీలకు, దుకాణాలకు సరఫరా చేసేది. కొన్నవారు తమ పేరు వేయించుకొనేవారు. కనుక పాత పెట్టెలలో పది రకాల పేర్లతో దొరికే మౌత్‌పీసులను ప్రక్కప్రక్కన పెట్టి లోపలకు దీపము వేసి చూస్తే, అవన్నీ ఒకే అచ్చునుండి వచ్చిన అన్నదమ్ములని తేలే సందర్భాలున్నాయి. జర్మనీలో హాన్స్ జిన్నర్ కంపెనీవారు కూడా ఇట్లే అనేకమంది అమెరికా పనివారికి ముడి ముక్కలు ఇచ్చారు. ఇందులో మోసమేమీ లేదు. అది ఆనాటి వ్యాపార రీతి. మన ఊళ్ళలో నేసిన చీరకు పట్నములో దుకాణమువాని చీటీ అంటించినట్టే. నేసినవాని పేరు చీరమీద ఉండదు. అయితే నూరేండ్ల తరువాత ఆ చీర మ్యూజియములో పెడితే చీటీలోని పేరే నేతగాని పేరుగా చెలామణి అవుతుంది. మౌత్‌పీసుల విషయములో జరిగింది ఇదే. పేర్లు కూడ స్థిరముగా ఉండవు. షేడ్‌విల్ పేరు ఒక దశలో లెలాండె అను మరొక పారిస్ వారి పేరుతో జంటగా ముద్రింపబడింది. ఈ శతాబ్దములో ఆ పేరు అమెరికాలోని ఒక కంపెనీ చేతికి పోయింది. పేరు సజీవమే, ఆ చేతులు మాత్రము ఎప్పుడో మట్టిలో కలిసిపోయినవి.

నా మౌత్‌పీసును సికిందరాబాదులో వాయిద్యాలు బాగుచేసే ఒక వృద్ధుని వద్దకు తీసుకుపోయాను. మిలిటరీ బ్యాండుల వాయిద్యాలు ఏండ్ల తరబడి బాగుచేసిన మనిషి. “తాతగారూ, ఇది ఎవరు చేశారో చెప్పగలరా?” అని అడిగాను. ఆయన అక్షరాలవైపు చూడనే లేదు. చిన్న టార్చి వెలుతురులో క్రిందినుండి లోపలకు చూచి, “అయ్యగారూ, పేరెవరైనా చెక్కుతారు. లోపల చూడండి” అన్నారు. కన్ను కనబడని ఇస్సాకు చేతులు తడిమి ఏశావనుకొన్న సంగతి నాకు జ్ఞాపకము వచ్చింది. స్వరము ఎవరిదో అతనికి తెలుస్తూనే ఉన్నది, కాని పైచర్మమునే నమ్మాడు.

ఆ పూట ఆయన దగ్గర కూర్చుని నేర్చుకొన్నది నాకు అంతవరకు చదివిన పుస్తకాలలో దొరకలేదు. కిటికీ వెనుక లోపలి గోడలు రెండూ సమాంతరముగా నిటారుగా ఉన్నాయా, లేక పైన ఇరుకుగా క్రింద వెడల్పుగా ఉన్నాయా చూడాలి. కొస దగ్గర లోపలి కప్పు చదునా, పల్లమా, మిట్టా? బోలు క్రిందికి పోయేకొద్దీ వెడల్పవుతున్నదా, ఒకే తీరుగా ఉన్నదా? లోపల లేతు గీతలు గుండ్రముగా ఉన్నాయా, లేక అచ్చు అతుకు గీత పొడవునా పోతున్నదా? ఆకురాయి గీతలు ఎటు పోతున్నాయి? కార్కు కూర్చునే గాడి అంచులు చదరమా, గుండ్రమా? లిగేచరు బిగించుటకు ఒంటిమీద గీసిన వలయాలు ఎన్ని, ఎంత ఎడముగా ఉన్నాయి? వీటిలో ఏ ఒక్కటీ చాలదు. నాలుగైదు ఒకే మాట చెబితేనే నమ్మాలి. పై మెరుగు, ముద్ర చివరన చూడాలి.

పట్టాల వంపును కొలిచే పద్ధతి ఒకటి చూపించారు. దీనిని ఎల్క్‌హార్ట్‌లో పనిచేసిన ఎరిక్ బ్రాండ్ ప్రచారములోకి తెచ్చాడు. అరమిల్లీమీటరుకు ఒక గీత చొప్పున గీసిన గాజు పలకను బల్లమీద ఆనించి, గాజుకూ పట్టాలకూ మధ్య పలుచని ఉక్కు రేకులను దూర్చుతారు. మొదటి రేకు మందము అంగుళములో పదివేలవంతులు పదిహేను మాత్రమే. తరువాతివి వేయింట పది, ఇరువది నాలుగు, ముప్పది నాలుగు. ఏ రేకు ఎక్కడ ఆగితే అక్కడి గీత సంఖ్య వ్రాసుకొంటారు. మొదటి రేకు 34 దగ్గర ఆగితే వంపు పొడవు 17 మిల్లీమీటర్లన్నమాట. ఈ సంఖ్యల వరుస ఆ పనివాని చేవ్రాలువంటిది. కాస్పర్ వంపునుగాని, మరొకరి వంపునుగాని తెలిసినవారు సంఖ్యలు చూచి పోల్చగలరు. అయితే ఇక్కడే పెద్ద ఇబ్బంది ఉన్నది. మౌత్‌పీసు అరిగితేనో, వాద్యకారునికి నచ్చకపోతేనో వంపును మళ్ళీ దిద్దించుకొంటారు. అట్లు దిద్దిన క్షణములో మొదటివాని చేవ్రాలు తుడిచిపోతుంది. కొన్నిటిమీద రెండు మూడుసార్లు కూడ దిద్దినవారున్నారు. పేరు షేడ్‌విల్‌ది, వంపు మరెవరిదో, ధర మాత్రము షేడ్‌విల్‌దే అడుగుతారు. ఖరీదు పెరిగినచోట అనుమానము కూడా పెరగాలి.

నా మౌత్‌పీసు బల్లమీద ఆ గాజు పలక పెట్టి, తాతగారు నిట్టూర్చారు. పలక ఊగుతున్నది. మధ్యలో మిట్ట, ప్రక్కలు పల్లము. “ఎవరయ్యా దీన్ని పాడుచేసింది?” అన్నారు. నేనే అని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. కళ్ళజోడు సవరించుకొని లోపలవైపు చూడసాగారు.

అక్కడ నేను ఊహించనిది బయటపడింది. లోపల లేతు గీతలు స్పష్టముగా ఉన్నాయి, అచ్చు అతుకు ఎక్కడా లేదు. కనుక అది కడ్డీ రబ్బరునుండి తిప్పి చేసినదే కావచ్చునన్నారు. అయితే క్రింది బోలును తరువాత ఎవరో పెద్దది చేశారు. ఆ తొలిచిన గీతలు పై గీతలవంటివి కావు, గరుకుగా, తొందరపనిగా ఉన్నాయి. ఎందుకు తొలిచారు? మా నాన్నగారి క్లారినెట్టు ఇంగ్లాండులోని బూసీ అండ్ హాక్స్ వారిది. 1930లో బూసీ, హాక్స్ అను రెండు పాత కంపెనీలు కలిసి ఏర్పడిన ఆ కంపెనీ వాయిద్యాలు బ్రిటిషు సైన్యపు బ్యాండుల ద్వారా మన దేశములో విస్తారముగా వాడుకలో ఉండేవి. వారి క్లారినెట్టులలో కొన్నిటికి, ముఖ్యముగా పేరుపొందిన 1010 రకానికి, బోలు ఫ్రెంచి వాటికంటె వెడల్పు. ఫ్రెంచి మౌత్‌పీసును దానికి తగిలిస్తే శ్రుతి కుదరదు. పారిస్ మౌత్‌పీసును ఇంగ్లీషు క్లారినెట్టుకు కుదుర్చవలెనని ఎవరో మన దేశములోనే తొలిచి ఉంటారని తాతగారి అభిప్రాయము. మీరట్‌లోని జాలీ కోఠీ ప్రాంతములో బ్యాండు వాయిద్యాలు చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. సరిగ్గా సెల్మర్ పారిస్‌లో మొదలుపెట్టిన ఏడే! తొలిచినది మీరట్ చేతులో, మద్రాసు చేతులో, సికిందరాబాదు చేతులో చెప్పుటకు ఆధారము లేదు. కాని చేయి తిరిగిన మనిషేనని తాతగారు ఒప్పుకొన్నారు. తొందరపనే అయినా నడిమి తప్పలేదన్నారు. క్లారినెట్టు మన దక్షిణ దేశములో ఎంత లోతుగా వేరూనినదో కూడ ఇక్కడ చెప్పుకోవాలి. 19వ శతాబ్దములో తంజావూరు మహాదేవ నట్టువనారు దీనిని నృత్యమేళములో ప్రవేశపెట్టాడంటారు. ఎ. కె. సి. నటరాజన్ గారు దీనిమీద కర్ణాటక సంగీతము వాయించి 2008లో సంగీత కళానిధి బిరుదు పొందారు. పారిస్, ఎల్క్‌హార్ట్ పనివారు తమ వస్తువులోనుండి తోడి రాగము పలుకుతుందని కలలో కూడ అనుకొని ఉండరు.

కాబట్టి ఆ చిన్న ముక్కమీద కనీసము నాలుగు చేతుల పని ఉన్నది. కడ్డీ తిప్పినవాడొకడు. వంపు తీర్చినవాడొకడు, అతడే కావచ్చు, కాకపోవచ్చు; నా పుణ్యమా అని అది ఇక తేలదు. బోలు తొలిచినవాడొకడు. గరుకు కాగితము పట్టినవాడను నేను. ‘పారిస్’ ముందు ఏ పేరు ఉండెనో తాతగారు చెప్పలేదు. షేడ్‌విల్ అనుకొని సంతోషించమంటారా అని అడిగితే నవ్వి, “అట్లా అనుకొన్నవాళ్ళే దీని ధర పెంచింది అయ్యగారూ” అన్నారు.

తిరిగి ఇచ్చేముందు ఆయన దానిని తిప్పి ముక్కు పైభాగము చూపించారు. నేను అంతవరకు గమనించలేదు. గరుకు కాగితము అక్కడ అంతగా తగలలేదు. పై పళ్ళు ఆనేచోట రెండు గుంటలున్నాయి. ఒకటి లోతు, ఒకటి తేలిక, రెండూ కొంచెము ఎడమవైపుకు. మా నాన్నగారి ముందుపన్ను ఒకటి ప్రక్కకు వంగి ఉండేది. ఫోటోలలో ఆయన ఎప్పుడూ నోరు మూసుకొనే కూర్చునేవారు.

ఇప్పుడది మెత్తని గుడ్డలో చుట్టి, వెలుతురు తగలని పెట్టెలో ఉన్నది. దానితోపాటు ఒక చీటీ వ్రాసి పెట్టాను: “పారిస్ ముద్ర, చేసినవారు తెలియదు. కడ్డీ రబ్బరు కావచ్చు. బోలు తరువాత తొలిచినది. బల్ల, ముద్ర పాడుచేసినది నేను, 2009.”

మన సంఘాలలో బ్యాండు వాయించిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ ఇండ్లలో అటకమీదనో, తాతగారి పెట్టెలోనో ఇటువంటి నల్ల ముక్క ఉంటే దయచేసి వేడినీటిలో వేయకండి, కిటికీలో ఎండకు పెట్టకండి, గరుకు కాగితము దగ్గరకు రానీయకండి. గోరువెచ్చదనము కూడ లేని చల్లని నీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ముద్రలోని అక్షరాలు సగమే కనిపించినా ఆ సగమే వ్రాసి పెట్టండి, మిగిలింది ఊహించి పూరించకండి. ఆదివారము ఆరాధన తరువాత తెస్తే నేనూ చూస్తాను. నా దగ్గర ఇప్పుడు చిన్న టార్చి ఒకటి ఉన్నది.